ఏ కంట్రీ?

గ్లాస్గో వెళ్లే రైల్లో నా పక్కన కూర్చున్న స్కాటిష్ పెద్దాయన ఒళ్లో పాత గ్రామఫోన్ రికార్డులున్నాయి. అట్టలన్నిటి మీదా ఒకడే మనిషి. ఒకదాని మీద నల్లటి జుట్టు, ఇంకోదాని మీద నెరిసిన గడ్డం. ఎవరని అడిగాను.

“కంట్రీ సింగర్.”

దేశభక్తి గీతాలు కాబోలనుకుని, “ఏ కంట్రీ, అంకుల్?” అన్నాను.

పెద్దాయన పగలబడి నవ్వాడు. అమెరికాలో పల్లెటూరి పాటల్ని అలా అంటారట. ఆ గాయకుడు ఒకే పాటను కుర్రతనంలో ఒకసారి, ముసలితనంలో మరోసారి రికార్డు చేశాడని చెప్పి, ఫోన్‌లో రెండూ వినిపించాడు. ఇంటికి పోతున్నానని పాట. మొదటిదాంట్లో గొంతు ఉరకలేసింది. రెండోదాంట్లో ‘ఇల్లు’ అనే మాట ముందు ఊపిరి అందక ఆగింది. అక్కడ పెద్దాయన కూడా ఊపిరి బిగబట్టాడు.

“మీరు అమెరికాలో ఉండేవారా?”

“ఎప్పుడూ వెళ్లలేదు. కానీ ఇది వింటే అక్కడికి తిరిగి వెళ్లిపోవాలనిపిస్తుంది.”

చూడని చోటికి తిరిగి వెళ్లడమేమిటని అడగబోయి ఆగిపోయాను. ఇంగ్లండులోని కోవెంట్రీలో పుట్టిన మా అమ్మాయి, ఇంతవరకూ చూడని తెనాలిని, ఇంగ్లీషు మాటల మధ్యలో కూడా ‘మన ఊరు’ అనే అంటుంది.