కొత్త తినకముందు మామిడికాయ

"భయం నేదని నానెందుకు సెప్తాను బాబూ? ఆదివారం పిల్లగుంటల్ని కొండ మీదకి తీసుకెళ్లాలి. ఇప్పట్నుంచే నా కాళ్లు వణుకుతన్నాయి. సూడండి, కావాలంటే."

దేవమణి కాళ్లు చాపి చూపించింది. వణుకు నాకు కనిపించలేదు గానీ, గింజ తీయడానికి చింతకాయల మీద పడాల్సిన కర్ర రెండుసార్లు నేల మీద పడింది.

హుకుంపేట దాటాక ఆటో దిగి గెడ్డ, అంటే వాగు, వెంట నడిస్తే వాళ్ల ఊరు వస్తుంది. నేనూ అలాగే వచ్చి, ఆమె చెప్పేది వింటూ గుమ్మంలో కూర్చున్నాను. ఆమెకూ భర్త కామేష్‌కూ వాలులో కొంచెం కాఫీ తోట, దాని కింద చోడి, అంటే రాగుల, చేను ఉన్నాయి. పెళ్లయ్యాక బాప్తిస్మం తీసుకుంది. బైబిలు చదవాలనే అక్షరాలు నేర్చుకుంది. నేర్చుకున్న అక్షరాలు ఊరికే ఉంచుకోవడం ఇష్టంలేక సంఘంలో సండే స్కూలు పిల్లలకు టీచరమ్మ అయింది. ఊళ్లో సగం ఇళ్లు చర్చికి వస్తాయి, సగం ఇళ్లు కొండదేవతకు మొక్కుతాయి. పెళ్లిళ్లకూ చావులకూ అందరూ కలుస్తారు.

ఆ రేకుల చర్చిలో పోయిన వేసవిలో పిల్లలకు సృష్టి పాఠం చెబుతోందట. రేకులు కాలిపోతున్నాయి, పిల్లలు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. చెట్లను దేవుడు చేశాడు, జంతువులను దేవుడు చేశాడు అని చెప్పుకుంటూ పోతుంటే చిట్టి అనే పిల్ల కిటికీలోంచి కొండ వైపు చెయ్యి చూపించింది.

"టీచరమ్మా, మరి ఆ కొండని ఎవులు సేసేరు? దేవుడా, దెయ్యాలా?"

నవ్వాల్సిన ప్రశ్న. ఎవరూ నవ్వలేదు. పిల్లలందరూ ఆమె మొహంకేసి చూశారు. వచ్చే వారం చెబుతానని ప్రార్థన చేసి పంపించేసింది. ఆ వచ్చే వారం చాలాకాలం రాలేదు.

ఎందుకు చెప్పలేకపోయిందో నేను అడగలేదు. ఆమె గింజలన్నీ ఒలిచి, తొక్కలు చేటలోకి ఎత్తేదాకా కూర్చున్నాను. అప్పుడు తనే చెప్పింది. ఆ ఊళ్లలో ఏ కొత్త పంటైనా ఊరంతా పండగ చేసి దేవతకు పెట్టాకే నోట పెట్టాలి. మామిడికాయకైనా అంతే. దాన్ని కొత్త తినడం అంటారు. దేవమణి చిన్నప్పుడు వాళ్ల అన్న బుధు కొత్తకు ముందే కొండెక్కి కాయ కోసుకు తిన్నాడు. జ్వరం వచ్చింది, పోయాడు. కొండ తీసుకుపోయిందన్నారు. తరువాత బాప్తిస్మం ఇచ్చిన పెద్దాయన, కొండ మీద ఉన్నవి దెయ్యాలు, అటు చూడకండి అన్నాడు. ఊరూ ఆయనా కలిసి ఒకే మాట చెప్పినట్టయింది ఆమెకు. అన్న పోయిననాటి నుంచి గెడ్డ దాటి పైకి వెళ్లలేదు.

"ఇప్పుడు నాను నమ్మను బాబూ, కొండ తీసుకెల్లిందని. నా కాళ్లే నమ్ముతన్నాయి."

కానీ చిట్టి ప్రశ్న వదల్లేదు. తను భయపడితే సరే, ఈ పిల్లలు కూడా తమ కొండకు భయపడుతూ పెరగాలా? హాస్టళ్ల నుంచి సెలవులకొచ్చి ఫోను చూసుకుంటూ కూర్చుంటారు, ఏ చెట్టు పేరూ చెప్పలేరు. నెలకో ఆదివారం సండే స్కూలును కొండ మీద, చెట్టు నీడన పెట్టాలనుకుంది. అక్కడే వాక్యం, అక్కడే పాట, అక్కడే గంజి. అయితే సంఘ పెద్దలు ఒప్పుకోకుండా పిల్లల్ని చర్చి గుమ్మం దాటించడం ఆమెకు ఊహలో కూడా రాదు.

పెద్దలంటే ఇద్దరు. పాస్టరు యోనా గారు, చోడవరం వైపు నుంచి వచ్చిన మనిషి. రెండోవాడు ఫల్గుణ, కామేష్‌కు అన్న, దేవమణికి బావ. ఆరాధన అయ్యాక వాళ్ల ముందు చాప మీద కూర్చుంది. వల్లె వేసుకొచ్చిన మాటల్లో సగమే బయటికి వచ్చాయి. పాస్టరు గారు కోప్పడలేదు. ఆయన భయాలు ఆయన చెప్పారు. ఎలుగుబంటి వస్తే? తేనెటీగలు లేస్తే? ఎవడో వీడియో తీసి, పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్లి మతం మారుస్తున్నారని ఫోన్లలో పెడితే? ఫల్గుణ ఒక్క మాటే అన్నాడు: "మళ్లీ కొండకి మొక్కడానికి ఎల్తన్నారేటి, అని నవ్వుతారు."

అయినా యోనా గారు కాదని తేల్చలేదు. ముందు ముగ్గురం వెళ్లి చోటు చూద్దామన్నారు.

గెడ్డ దాటుతున్నప్పుడు దేవమణి కళ్లు మూసుకుని అడుగేసింది. పైన చదును బండ, దాని పక్కన కొండమామిడి చెట్టు. కింద మెలికలు తిరిగిన రోడ్డు, కాఫీకి నీడనిచ్చే సిల్వర్ ఓకులు, చిన్నగా రేకుల చర్చి. ఇంత బాగుంటుందని తెలియదంది.

పాస్టరు గారికి ఆకలేసింది. రాలిన కాయ తీసి, చాకుతో కోసి, జేబులోని ఉప్పు పొట్లం విప్పి ఇద్దరికీ చెరో ముక్క ఇచ్చారు. తను నోట్లో వేసుకున్నారు.

ఈ ఏటి మామిడి కొత్త అప్పటికి ఇంకా కాలేదు.

"సెప్పాలి కదా, అయ్యగారూ తినకండీ అని. సెప్తే ఏటవుద్ది? ఇన్నేళ్ల విశ్వాసులు, ఇంకా కొత్త పట్టింపు వదల్లేదని ఆయనకి తెలిసిపోద్ది. మా బావ సెప్తాడని నాను, నాను సెప్తానని ఆయన. ఇద్దరం ముక్కలు పట్టుకుని నిలబడిపోయాం."

యోనా గారు రెండో ముక్క నములుతూ వాళ్ల చేతులు చూశారు. మొదట నవ్వారు. ఫల్గుణ మెల్లగా ముక్కను చొక్కా జేబులో వేసుకోవడం చూసి నవ్వు ఆపేశారు. అప్పుడే వెనక పొదలో ఆకులు కదిలాయి. ఎలుగే అనుకున్నారు ముగ్గురూ. పాస్టరు గారు కళ్లు తెరిచే ప్రార్థన మొదలుపెట్టారట.

పొదలోంచి ఎలుగు రాలేదు, సుక్రు వచ్చాడు, భుజాన దుంపల సంచితో. ఊరి కొండదేవతకు పూజ చేసేది ఆయనే. దేవమణికి చిన్నాన్న వరస. ఎలుగే నయమనిపించింది ఆమెకు. కొత్తకు ముందు తిన్నవాడికి ఊరు తప్పు వేసి జరిమానా కట్టిస్తుంది. పాస్టరు గారి గడ్డానికి ఇంకా మామిడి రసం ఉంది.

సుక్రు ముగ్గురినీ వరసగా చూశాడు. పాస్టరును వదిలేసి, కూతురి వరసైన దేవమణి వైపు తిరిగాడు.

"ఏటే గుంటా, ఆయనకి తెల్దు. తెలిసినోల్లు మీరు సెప్పనేదు. తిన్నోడు బాగానే ఉన్నాడు గానీ, సేత్తో పట్టుకున్నోల్లకే జొరమొచ్చీలా ఉంది."

కొత్త సంగతి తెలుసుకుని యోనా గారు తన తప్పుకు క్షమించమన్నారు. పిల్లల సంగతి కూడా దాచకుండా చెప్పారు. కొత్త అయ్యాక రమ్మన్నాడు సుక్రు. వచ్చే ముందు ఒక మాట చెబితే, ఆ రోజు కుర్రాళ్లు అటు వేటకు పోకుండా చూస్తానన్నాడు. దిగుతూ ఫల్గుణ జేబులోంచి ముక్క తీసి గెడ్డలో వదిలేశాడు. పాస్టరు గారు చూడనట్టు నడిచారు. చర్చి దగ్గరికొచ్చాక మాత్రం, ఈ భయం పిల్లలకు అంటకూడదు, మీ పరిచర్య మొదలుపెట్టండి అన్నారు. ముందు తను నడుస్తానన్నాడు ఫల్గుణ.

అక్కడితో అయిపోయి ఉంటే దేవమణి కర్ర నేల మీద పడేది కాదు. వారం తిరక్కుండా యోనా గారికి జ్వరం పట్టుకుంది. రక్తపరీక్షలో మలేరియా అన్నారు. ఈ కొండల్లో అది రానివాళ్లెవరు? అయినా ఊళ్లో అందరూ కొండ వైపే చూశారు. దేవమణి తిండి మానేసింది. అన్నయ్యను మోసుకెళ్లిన దారి కళ్లముందు తిరిగేదట. ఆయన లేచి గంజి తాగారని తెలిశాకే తనూ తాగింది.

యోనా గారు మాట తప్పలేదు. ఆరాధనలో నిలబడి ఈ ఆదివారమే మొదటి కొండ బడి అని ప్రకటించారు. ఊళ్లో మామిడి కొత్త కూడా అయిపోయింది. కానీ డాలీ రాదట. డాలీ ఆయన కూతురు, చిట్టి ఈడుదే. ఆయన జ్వరం చూసి బెదిరిన పాస్టరమ్మగారు వద్దన్నారు. ఆయన ఇంట్లో గట్టిగా చెప్పలేకపోతున్నారు.

"అందరూ డాలీ వైపే సూత్తన్నారు బాబూ. అయ్యగారి గుంటే రాకపోతే ఇంకెవులు పంపుతారు? చిట్టి ఒక్కర్తీ వత్తాది. దానికి నానేటి సెప్పను, కొండని ఎవులు సేసేరని?"

ఎండ గుమ్మంలోంచి జారింది. నా ఆటో వేళయింది. దేవమణి లోపలికెళ్లి చిన్న గోనెసంచి తెచ్చింది. పచ్చి మామిడికాయలు, తొడిమలు ఇంకా జిగటగా ఉన్నాయి. ఎవరు కోసుకొచ్చారని అడిగాను. తనే, పొద్దున, ఒక్కతే వెళ్లి కోశానంది. గెడ్డ దాటేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయా అంటే ఒకటి తెరిచానంది.

"దిగేటప్పుడు అయ్యగారింటి దగ్గర ఆగండి. నానెల్తే నా మొకం సూసి అమ్మగారు ఇంకా బెదిరిపోతారు. ఈ కాయలు ఆవిడ సేతికే ఇవ్వండి. ఆ బండకాడ సెట్టువే అని ముందే సెప్పండి, దాయకండి. దాసే కదా అంత పనయింది. ఆవిడ ఒక ముక్క తింటే, డాలీని పంపమని అప్పుడు అడగండి. బేగి ఎల్లండి బాబూ."