రెండో రాగిరేకు

ఈ సంగతి ఇంతవరకు నేనెవరికీ చెప్పలేదు. రోజూ అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. మా బాబాయి కారు తాడేపల్లిగూడెం పందెం గెలిచింది ఆయన తెలివివల్ల కాదు, నా దొంగపనివల్ల.

ఆ రోజుల్లో కొల్లేటి పక్కనున్న మా ఊరి దారి ఏడాదిలో సగం నీళ్లది, సగం మనుషులది. దారి తేలిన నెలల్లో ప్రతి శనివారం బాబాయి నన్ను కారులో ఏలూరు తీసుకువెళ్లేవాడు. ఇంట్లో చెప్పేది నా పంటినొప్పి (నా పళ్లు రాళ్లను నమిలేవి), వెళ్లేది గ్రంథాలయానికి. నలుగురిలో నోరు విప్పలేని నాకు వారానికి ఆ రెండు పుస్తకాలే లోకం. అందుకే, రెండుసార్లు ఇంజను పాడయ్యాక మామ్మ, "ఒరేయ్, ఇంకొక్కసారి చెడిందంటే ఆ బండి అమ్మేసి గేదెను కొంటాను," అన్నప్పుడు బాబాయి నవ్వాడు గాని, నేను మాత్రం నా శనివారాలు పోయినట్టే లెక్కేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే గూడెంలో బియ్యం మిల్లున్న మామయ్య, ఏలూరు నుంచి గూడెం దాకా కార్ల పందెం అన్నాడు. బాబాయికి పూనకం వచ్చింది. ఇంజను విప్పించి, దాని మూత అడుగును అరగదీయించాడు. ఇంజనుకూ మూతకూ నడుమ పరిచే దళసరి గాస్కెట్టును పక్కన పారేసి, కంచరి చేత పలచని రాగిరేకులు రెండు కోయించాడు, ఒకటి వేయడానికి, ఒకటి మిగులుగా.

"చినబాబుగారండీ, మూతా అరిగి, రేకూ పలచనైతే లోపల పిస్టను పైకొచ్చి మూతను గుద్దేస్తదేమోనండి," అన్నాడు ఇంజను విప్పిన మేస్త్రి.

"ఎంత పలచనైతే అంత బిగువు, ఎంత బిగువైతే అంత పరుగు. నువ్వు బిగించవయ్యా!"

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని మా ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే (వానాకాలంలో చదవడానికి ఇంకేమీ మిగలక). అందులోనూ మేస్త్రి మాటే ఉంది. కాని బాబాయికి చెప్పే ధైర్యం నాకెక్కడిది? ఆ రోజు వసారాలో అప్పడాలు వత్తుతున్నాం. నేను వత్తినవి ఎప్పుడూ రెండేసి అంటుకుపోయేవి. "దీని చేతిలో అప్పడానికి కూడా జంట కుదురుతుందర్రా!" అనేది మామ్మ. మూత కింద ఎంత ఖాళీ మిగులుతుందో చూద్దామని, ఎవరూ చూడకుండా బఠాణీ గింజంత పిండిముద్దను పిస్టను మీద పెట్టి వచ్చాను. మేస్త్రి రేకు పరిచి, మూత పెట్టి బిగించి, హ్యాండిలు ఒక చుట్టు తిప్పి చూసి, రేకుకు ఆముదం రాయడానికి మూత మళ్లీ ఎత్తాడు. నా ముద్ద ఉల్లిపొరైపోయింది!

"ఇదేంటండీ?"

"గ్రీజు. తుడిచెయ్," అన్నాడు బాబాయి.

ఊరికే తిప్పితేనే ఇలా ఉంటే, పరుగెత్తేటప్పుడో? వాళ్లు భోజనానికి లేవగానే రెండో రేకుకు ఆముదం పూసి మొదటిదాని కింద అంటించేశాను. నా జన్మలో కావాలని రెండు అంటించింది అదే మొదలు. (మిగులు రేకును మిల్లు మామయ్య మనిషే ఎత్తుకుపోయాడని బాబాయి తేల్చాడు.)

బాబాయి గొప్పలు విన్న మామయ్య ఇంకా పలచని రేకు వేయించుకున్నాడు. పందెం రోజున సగం దారిలోనే ఆయన ఇంజను దడదడమని ఆగిపోయింది. బాబాయి దుమ్ము కొట్టుకుని, మీసాలు ఎర్రగా, గూడెం చేరాడు. అప్పటినుంచి కనబడినవాళ్లకల్లా "పలచన, పలచన" అని ఒకటే బోధ. విన్నవాళ్లలో ఏలూరు పళ్ల డాక్టరుగారొకరు. ఆయన ఇంజను బద్దలైన రోజున, నాకు నిజంగా పంటినొప్పి లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

పెళ్లయి తణుకు వెళ్లాక, ఒకసారి పుట్టింటికి వచ్చేసరికి మళ్లీ ఇంజను విప్పి ఉంది. బాబాయి చేతిలో ఒక రేకు కాస్తా రెండుగా విడిపోయింది. ఆయన వాటికేసి చూశాడు, వసారాలో పుస్తకం చాటున దాక్కున్న నాకేసి చూశాడు, రెండు రేకులూ తుడిచి పక్కన పెట్టాడు. అప్పుడైనా లేచి ఒప్పుకోవలసింది. ఆ పిరికిపిల్లను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముచ్చటా వేస్తుంది.

నన్ను రైలెక్కించి, బండి కదులుతుండగా బాబాయి కిటికీ దగ్గరికి వంగాడు.

"అమ్మడూ, ఈసారీ రెండూ వేయించాను. మీ మామయ్యకు చెప్పకేం!"