పుస్తకం నడుమ కుట్టిన ఎనిమిది పేజీలు

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి జూన్‌లో నన్ను ఎల్లారెడ్డి వైపు ఒక శాఖా గ్రంథాలయానికి బదిలీ చేశారు. ఊరి పేరు రాయను. జరిగిన తప్పు నాది, ఊరిది కాదు. నా హోదా మూడో శ్రేణి గ్రంథపాలకుడు. వినడానికి ఘనంగానే ఉంటుంది. తాళం తీసేదీ, పేపర్లు సర్దేదీ, రిజిస్టర్లు రాసేదీ ఆ ఒక్కడే.

పొద్దంతా కూర్చునేవాళ్లు పోటీ పరీక్షల అభ్యర్థులు. వాళ్లు కథల బీరువా వైపు కన్నెత్తి చూసేవారు కాదు. కథలన్నీ బీడీలు చుట్టే ఇండ్లకు పోయేవి. నర్సవ్వ అనే ఆవిడకు నలభై దాటాయి. ఏడో తరగతి దాకా చదివింది. మధ్యాహ్నం ఆమె పందిరి కింద ఎనిమిది మంది ఆడవాళ్లు చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతుంటే, ఆమె పుస్తకం చదివి వినిపించేది. చదివినంతసేపు ఆమె పని ఆగిపోతుంది కనుక, మిగతావాళ్లు తలా కొన్ని చుట్టి ఆమె చాటలో వేసేవారు. ఇలా కూలి కట్టి మరీ చదివించుకునే శ్రోతలను నా ఉద్యోగంలో ఇంకెక్కడా చూడలేదు.

బైండింగ్ అయి వచ్చాక వాళ్లు మళ్లీ మళ్లీ తీసుకుపోయిన పుస్తకం ఒకటుంది. జర్మనీలో పిల్లల కోసం మాయా కథలు రాసే ఒక రచయిత్రి నవలకు తెలుగు అనువాదం. ఒక పిల్ల కొండలో ఉన్న తలుపు తెరుచుకొని, మబ్బులను గొర్రెల్లా మేపే దేశంలోకి పోతుంది. పుస్తకం చివర ఎనిమిది పేజీల్లో రచయిత్రి జీవితం ఉంది. రొట్టెలు కాల్చే ఇంట్లో పుట్టింది. గుండీల కార్ఖానాలో ఏండ్ల తరబడి పని చేస్తూ, పక్కన కూర్చున్న ఆడవాళ్లకు కథలు అల్లి చెప్పింది. ఆ కథలను కాగితం మీద పెడితే ప్రచురణకర్తలు తిప్పి పంపారు. నలభై దాటాక గానీ మొదటి పుస్తకం అచ్చు కాలేదు. అనువాదకుడు ముచ్చటపడి ఆమెను పేరుతో కాక, మొదటి నుంచి చివరిదాకా ‘మన పిల్ల’ అనే రాశాడు.

నేను రాకముందే ఎవరెవరి చేతుల్లోనో నలిగి ఆ పుస్తకం విడిపోయి ఉంది. మిగతా చినిగినవాటితో కలిపి గోనెసంచిలో కామారెడ్డి బైండరు రాజన్నకు పంపాను. రాజన్న కుట్టు గట్టిది, చదువు తక్కువ. పేజీలను అడుగున ఉన్న అంకెల ప్రకారం పేర్చుతాడు. చివరి ఎనిమిది పేజీలకు అంకెలు లేవు, వాటి శీర్షిక ఉన్న కాగితం అప్పటికే ఊడిపోయింది. అంకె లేని కాగితం నడుమ ఉంటే రాలిపోదని ఆయన లెక్క. తీసుకుపోయి సరిగ్గా నడుమ, పిల్ల కొండ తలుపు తెరిచే చోట కుట్టేశాడు.

బైండింగ్ నుంచి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ పేజీ పేజీ తిప్పి చూసి, ‘సరిచూడబడినది’ అనే ముద్ర వేసి సంతకం పెట్టాలన్నది నియమం. నేను గోనెసంచి విప్పి, అన్నింటికీ వరసగా ముద్ర గుద్దేసి, టీ తాగడానికి పోయాను.

నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో మహిళలకు చదివిన కథ చెప్పే పోటీ పెట్టారు. మా శాఖ నుంచి నర్సవ్వ పేరు పంపాను. కామారెడ్డిలో చదువుకున్నోళ్లు నవ్వుతారని ఆమె వెనుకాడింది. ఎవరైనా నవ్వితే నన్నడుగమని మాటిచ్చాను. ఆ ఎనిమిది మందీ ఆనాడు పని మానుకొని ఆమెతో బస్సెక్కారు.

ఆమె బాగా చెబుతోంది. పిల్ల కొండ తలుపు తెరిచింది, లోపలికి పోయింది, రొట్టెలు కాల్చే ఇంట్లో తేలింది. హాల్లో ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. గుండీల కార్ఖానా అనగానే, చివరి పేజీలు నడుమకు వచ్చి పడ్డాయని వెనక కూర్చున్న నాకు అర్థమైంది. న్యాయనిర్ణేత ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు. పుస్తకం మరో ప్రతి ఆయన చేతిలోనే ఉంది. కథలో కార్ఖానా లేదని, పోటీకి వచ్చేముందు పుస్తకం చదివి రావాలని మర్యాదగానే అన్నారు. హాలంతా నవ్వింది.

“చదివిన సార్. ఉన్నదే చెప్పిన. నేనేం కలపలే,” అంది నర్సవ్వ. ఎనిమిది మందీ తల తిప్పి నా వైపు చూశారు.

ఊరుకుంటే నన్ను అడిగేవాళ్లు లేరు. జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి ముందు వరసలోనే ఉన్నారు. అయినా లేచి వెళ్లి, ఆమె సంచిలోని పుస్తకం తీసి, తప్పుగా కుట్టిన చోటు చూపించి, నా ముద్ర, నా సంతకం కూడా చూపించాను. ఈసారి హాలు నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు నాకు హాయిగానే అనిపించింది.

లెక్చరరు గారికి సందేహం తీరలేదు. మాయా దేశంలో గుండీల కార్ఖానా ఏమిటని మీకు అనుమానం రాలేదా అని ఆమెను అడిగారు.

“అనుమానమెందుకొస్తది సార్? యాడికి పోయినా పని చేసుకునే బతకాలె గదా. మబ్బులు మేపే దేశమైతే మాత్రం అంగీలకు గుండీలు వద్దా?”

ఆయన నవ్వుతూనే కళ్లజోడు తుడుచుకున్నారు. పుస్తకంలోని కథ చెప్పాలన్న నిబంధన వల్ల మొదటిది ఇవ్వలేమంటూ రెండో బహుమతి ఇచ్చారు.

తిరుగు బస్సులో, తాడ్వాయి దాటాక, ఆ ఎనిమిది పేజీలు కథ కావని, రాసినామె జీవితమని నర్సవ్వకు వివరంగా చెప్పాను.

“అంటే, పని చేసుకుంట కథలు చెప్పినామె నిజంగ ఉన్నదా సార్?”

ఉందని, ఇంకా రాస్తూనే ఉందని చెప్పాను. నర్సవ్వ వెనక సీట్ల వైపు తిరిగింది. “ఇన్నరా? గామె ఉన్నదట.” ఎల్లారెడ్డి వైపు పోయే ఆ బస్సులో ఇక మబ్బుల దేశం ఊసే లేదు. కార్ఖానాలో ఆమె వంతు గుండీలు ఎవరు చేసిపెట్టి ఉంటారన్నదే చర్చ.

వారం తర్వాత నాకు మెమో వచ్చింది. తప్పు ఒప్పుకుంటూ జవాబు రాశాను. పుస్తకాన్ని విప్పి సరిగా కుట్టించాను. అప్పటి నుంచి పేజీలు లెక్కపెట్టకుండా ముద్ర వేయలేదు. ఉద్యోగం నేర్పిన పాఠం అది. రెండోది నర్సవ్వ నేర్పింది. సరిచేసిన పుస్తకం తీసుకుపోయి నాలుగో రోజే తెచ్చిచ్చి, కొండ తలుపు కాడ చదువుడు ఆపి, ముందుగా చివరి ఎనిమిది పేజీలు చదివి, మళ్లీ కథలోకి వచ్చామని చెప్పింది. రాజన్న కుట్టిన వరసే బాగుందట.