జర బయట కూసోండి

నాకు అనుమానం ఎక్కువ. ఇది ఇంట్లో అందరూ అనే మాటే, నేనూ కాదనను. పాలవాడు చెంబు వంచే తీరు చూసి ఎన్ని నీళ్లు కలిపాడో చెప్పగలను. అలాంటి నన్ను ఒక డాక్టరూ మా ఆయనా కలిసి కొన్ని వారాల పాటు చల్లగా బోల్తా కొట్టించారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

డెబ్బైల చివరి సంగతి. జహీరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆయన వెంట న్యాల్‌కల్ దిక్కు పల్లె నుంచి వచ్చిన మా అత్త, నేను, ఏడాది నిండని పాప. ఇప్పుడు పూటపూటకీ ఫోన్ చేసి నా మందులు నాకు గుర్తు చేసే మా పెద్దమ్మాయే ఆ పాప.

అత్తకు కడుపులో మంట మొదలైంది. మా బజారు వాళ్లందరూ పోయే డాక్టరు దగ్గరికే తీసుకుపోయాం. దవాఖాన అంటే రెండు గదులు. ముందు గదిలో కాంపౌండరు, ఒక బల్ల. లోపలి గదిలో డాక్టరు. నడుమ ఆకుపచ్చ పరదా.

డాక్టరు అత్త కడుపు నొక్కి చూశాడు, నాలుక చూశాడు. "కారం బంద్ జెయ్యాలె అవ్వా. మందు రాస్త, తగ్గుతది" అన్నాడు. గోడ పక్కన నిలబడ్డ మా ఆయన నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. దుకాణంలో అల్లం బస్తాల దుమ్ము ఆయనకు ఎప్పుడూ పడేది కాదు. డాక్టరు ఆయన వైపు కాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, మీరిద్దరు జర బయట కూసోండి. ఇతనితోటి మాట్లాడాలె."

ఆ మాటకు అర్థం ఆ రోజుల్లో ఊరందరికీ తెలుసు. రోగం చిన్నదైతే డాక్టరు రోగి మొహం మీదే చెప్పేవాడు. పెద్దదైతే రోగిని బయటికి పంపి ఇంటి మగవాళ్లకు చెప్పేవాడు. ఆ ఒళ్లు తనది కానట్టు రోగి బల్ల మీద కూర్చుని పరదా వైపు చూస్తుండాలి. అదేం పద్ధతో నాకు అప్పుడూ అర్థం కాలేదు. బల్ల మీద మా పక్కన కూర్చున్న, కోహీర్ నుంచి వచ్చిన ఒకామె అత్తను ఎగాదిగా చూసి, "మా మామను గూడ గిట్లనే బయటికి పంపిన్రు. నెల తిరగలే" అంది.

ఆయన బయటికి వచ్చి మాకంటే ముందు నడిచాడు. ఇంటికి రాగానే పట్టుకున్నాను.

"డాక్టరు ఏమన్నడు?"

"ఏం లేదు. కారం తక్కువ తినుమన్నడు."

"గా మాటకు మమ్ముల బయటికి పంపుడెందుకు?"

"నీకు అన్నీ అనుమానాలే" అని చెప్పులేసుకుని పోయాడు.

అనుమానాలే మరి. ఆ రాత్రి నుంచే ఆయన మంచం అరుగు మీదికి మారింది. లోపల ఉక్క అన్నాడు. తన గ్లాసు వేరే పెట్టుకున్నాడు, తానే కడుక్కునేవాడు. పెళ్లయినప్పటి నుంచి చెంచా కూడా కడగని మనిషి! ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బీదర్ పోయివచ్చాడు. దుకాణం పని అన్నాడు. పాప చేతులు చాపితే నేలచూపులు చూస్తూ పక్కకు తప్పుకునేవాడు. అన్నానికి ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. బస్తాలు ఎత్తి నడుము పట్టిందన్నాడు. గుమాస్తా బస్తాలు ఎప్పటి నుంచి ఎత్తుతున్నాడో నాకు తెలియదు.

అత్త దీనికంతటికీ ఒకే అర్థం చెప్పింది. "నా గాలి తాకుతదని నా కొడుకు దూరం దూరం ఉంటుండు. నాది గట్టి రోగమే." ఒక మధ్యాహ్నం వెండి కడియాలు తీసి నా చేతిలో పెట్టింది. "నేను పోయినంక పాపకు పట్టీలు చేపియ్యి." వద్దన్నాను, కానీ నాకూ ఏడుపొచ్చింది. డాక్టరిచ్చిన గులాబీ రంగు మందును నేనే ఒక గుక్క తాగి చూశాను. సుద్ద కలిపిన షర్బత్‌లా తియ్యగా ఉంది. చావబోయే మనిషికి షర్బత్ పోసి పైసలు తీసుకుంటున్నాడు ఈ డాక్టరు అనుకున్నాను. రాత్రుళ్లు అత్త ఊపిరి వింటూ పడుకునేదాన్ని. పక్కలో పాప దగ్గితే జో కొట్టేదాన్ని.

చివరికి అత్తే తెగించింది. "నా పానం సంగతి నాకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తడు? నడువు" అంది. పాపను పక్కింటి ఆమెకు అప్పజెప్పి, ఆయన దుకాణంలో ఉండగా ఇద్దరం పోయాం.

"ఏమయ్యా డాక్టర్ సాబ్, నేను సచ్చేది నా కొడుకుకు చెప్తవు, నాకు చెప్పవా?"

డాక్టరు పకపకా నవ్వాడు. "సచ్చుడేంది అవ్వా? మంట తగ్గలేదా?"

"తగ్గింది. మరి ఆ దినం మమ్ముల బయటికెందుకు పంపినవ్?"

డాక్టరు నవ్వు ఆగిపోయింది. "నీ సంగతి నీ ముందరనే చెప్పిన. కారం బంద్ జెయ్యుమన్న, గంతే. నీకు ఇంకేం లేదు."

"మరి నా కొడుకుతోటి ఏం మాట్లాడినవ్?"

"అది నీ సంగతి గాదు. ఎవరి రోగం వాళ్లది అవ్వా. తల్లి అడిగినా, పెండ్లాం అడిగినా, వాళ్లు చెప్పుమంటేనే నేను నోరు తెరుస్త."

అత్త మొదటి ముక్కే విన్నది. "నాకేం లేదట!" అని నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు మొహం మీద ఇంకా ఉండగానే ఆమె కళ్లు నా వైపు తిరిగాయి. "నాకు గాకుంటే మరి ఎవరికి?" అంది మెల్లగా. ఆ ఒక్క నవ్వు నవ్వినందుకు ఆమె బతికున్నన్నాళ్లూ తనను తాను తిట్టుకుంది.

డాక్టరు బల్ల మీది కాగితాలు సర్దుతూ, "పాపను ఒకసారి తీసుకరా అమ్మా, చూస్త" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి ఆయన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఇంకో అబద్ధం చెప్తాడని నాకు తెలుసు. మర్నాడు దుకాణానికని బయల్దేరితే, పాపను చంకనేసుకుని వెనకే నడిచాను. ఆయన దుకాణం సందు దాటి సూటిగా దవాఖానలోకి పోయాడు. కాంపౌండరు ఆగమంటున్నా వినకుండా పరదా తోసుకుని లోపలికి పోయాను. ఆయన సూది వేయించుకుని ప్యాంటు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి బిక్కచచ్చిపోయాడు.

"అమ్మా, జర బయట కూసో" అన్నాడు డాక్టరు.

నేను కదల్లేదు. డాక్టరు ఆయన వైపు తిరిగాడు. "ఉండుమంటవా, పొమ్మంటవా? నీ ఇష్టం."

"ఉండనీయుండ్రి సార్" అన్నాడాయన. తర్వాత నాతో, "బీదర్‌ల ఎక్స్‌రే తీపిచ్చిన, టీబీ అట. సేఠుకు తెలిస్తే రేపటిసంది రావద్దంటడు. నీకు చెప్తే అమ్మకు తెలుస్తది, అమ్మకు తెలిస్తే బజారుకంత తెలుస్తది."

"చెప్పుడు, చెప్పకపోవుడు నీ ఇష్టమన్న" అన్నాడు డాక్టరు. "గని ఇంట్ల పసిపిల్ల ఉన్నది, తీసుకొచ్చి చూపించుడు నీ జిమ్మేదారి అని గూడ అన్న గదా? వచ్చినప్పుడల్లా రేపు, రేపు అంటివి."

"దానికి గూడ ఉన్నదంటరేమోనని భయమైంది సార్" అన్నాడాయన.

డాక్టరు నా వైపు వంగాడు. "పాపకు దగ్గున్నదా అమ్మా?"

ఇన్నాళ్లూ అత్త ఊపిరి లెక్కపెట్టిన నేను, ఆ దగ్గును ఒక్కసారి కూడా అనుమానించలేదు.

"ఉన్నది" అన్నాను. "రాత్రుళ్లు ఎక్కువ."

ఆయన గోడకు తల ఆనించి గట్టిగా ఏడ్చాడు. పాప బెదిరి నా మెడ పట్టుకుంది. డాక్టరు ఆయన భుజం తట్టాడు. "నువ్వు పొయ్యి జర బయట కూసో. నేను అమ్మతోటి మాట్లాడాలె."

ఆయన పరదా తప్పించుకుని బయటికి పోయాడు. డాక్టరు కుర్చీ నా దిక్కు జరిపి, పాప అంగీ విప్పమన్నాడు.