తడిగాలిలో తెగిన నూలు

కరోనా తర్వాత రెండో ఎండాకాలం. ప్రత్తిపాడు దగ్గర ఒక నూలు మిల్లు నుంచి దారం తెగిపోతోందని మా కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. మేం సిరామిక్ గైడ్లకు కోటింగ్ వేస్తాం. గైడ్ అంటే మిషన్ మీద దారాన్ని దారిలో నడిపే చిన్న పింగాణీ కన్ను. దాని మీద చాలా పలచగా నల్లటి కార్బన్ పూత వేస్తే రాపిడి తగ్గి దారం సులువుగా జారుతుంది, గైడ్ త్వరగా అరగదు.

కారణం చూడటానికి నేను వెళ్లేసరికే మిల్లులో గొడవ. సూపర్‌వైజర్ శేషయ్యగారు దారాన్ని కండెలకు చుట్టే వైండింగ్ మిషన్లలో చివరిదాని దగ్గర అరుస్తున్నారు.

"అందరివీ నడుస్తన్నాయి. నీ ఒక్కదాని మిషన్ మీదే ఎందుకు తెగుద్ది నాగమణీ? సోమవారం నుంచి రావద్దు."

నాగమణి తలెత్తలేదు. తెగిన కొసలు ముడివేస్తూనే ఉంది.

ఇంతలో మా మేనేజర్ ఫోన్. "ఆపరేటర్ పొరపాటని రాసి వచ్చెయ్యమ్మా." సరేననలేకపోయాను. కాదనడానికి చేతిలో ఆధారం లేదు. ఒకచోట నిలబడలేక మిషన్ల మధ్య అటూ ఇటూ తిరిగాను.

నాగమణి మిషన్ గైడ్లు విప్పి భూతద్దం కింద పెట్టాను. దారం ఒరుసుకునే చోట నల్లపూత లేచిపోయి తెల్లటి పింగాణీ కనిపిస్తోంది. మిగిలిన పూత అంచుకు నూలుపోగులు చిక్కుకుని ఉన్నాయి. పక్క మిషన్ గైడ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పూత అదే, నూలూ అదే. మరి తేడా ఎక్కడ?

మళ్లీ ఆవిడ మిషన్ దగ్గరకు వెళ్లి వంగేసరికి కళ్లద్దాలు మసకబారాయి. పత్తినూలు ఎండిపోకుండా మిల్లులో గొట్టాలతో తేమ వదులుతారు. ఒక గొట్టం మూతి సరిగ్గా ఈ మిషన్ మీదికే ఉంది. మా పరీక్షలన్నీ జరిగింది పొడిగాలి ఏసీ గదిలో.

కొత్త గైడ్లు బిగించి, దారం బిగువు కొలిచే టెన్షన్ మీటర్ పెట్టాను. తేమ ఆపిస్తే ముల్లు దిగింది. వదిలిస్తే ఎక్కింది. నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ చేయించాను. తడిగాలిలో మా పూతకు రాపిడి పెరుగుతోంది. ఆ రాపిడికే పూత లేచిపోతోంది, లేచిన అంచుకు చిక్కి దారం తెగుతోంది.

"అంటే తప్పు మీ సరుకుదా మేడమ్?" అన్నారు శేషయ్యగారు.

"అవునండీ. ఈ తేమకు మా పూత పనికిరాదు. అదే రాసిస్తాను."

ఆయన నాగమణి వైపు తిరిగి గొంతు తగ్గించారు. "సరేలే, సోమవారం వచ్చెయ్."

"అరిచినప్పుడు అందరికీ వినపడింది సార్," అందావిడ. "ఇదీ అట్టాగే చెప్పండి."

ఆయన మిషన్ల హోరు మీద గొంతెత్తి చెప్పారు. "నాగమణి తప్పేం లేదు!"

ఆ రిపోర్టు మా మేనేజర్‌కు నచ్చలేదు. అయినా తడిగాలికి ఆగే మరో రకం పూతతో గైడ్లు మార్చి పంపాం. రాపిడి అనేది ఒక్క పూతకే ఉండే గుణం కాదనీ, ఆ పూత ఏ దారంతో, ఏ గాలిలో ఒరుసుకుంటుందో దాన్నిబట్టి మారుతుందనీ నాకు ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు ఏ మిల్లు ఆర్డరిచ్చినా ముందు వెళ్లి వాళ్ల గాలిలో కాసేపు నిలబడి వస్తాను.