మా వియ్యపురాలి ఓడ

అమెరికాలో వంశవృక్షాలు గీసుకునేవారిలో చాలామంది ఒకరి తప్పును మరొకరు ఎత్తి రాసుకుంటారు. కోపంతోనే ఈ మాట అంటున్నాను. ఒక చెట్టులో కొడుకు తండ్రికంటే పెద్దవాడు. మరొక చెట్టులో చనిపోయిన స్త్రీ మళ్లీ ఇద్దరు పిల్లల్ని కంటుంది. ఎవరూ పత్రం అడగరు. నేను అడుగుతాను. ఇల్లినాయిలో నా ఉద్యోగ జీవితమంతా ఇళ్ల అమ్మకాలకు ముందు హక్కుల వరుసను పరిశీలించడంలోనే గడిచింది. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎవరి సంతకం లోపించింది అని చూడడం నా పని. మన దేశంలో లింకు డాక్యుమెంట్లు అంటారే, అవే. ఒక్క లింకు తెగినా, ఈ అమ్మకం చెల్లదని రాసి పంపేవాణ్ణి. విశ్రాంత జీవితంలోనూ ఆ అలవాటు పోలేదు. ఇప్పటికీ ముఖ్యమైన ఫోను మాట్లాడితే, తేదీ వేసి అవతలివారు అన్న మాటలు అన్నట్టే రాసిపెట్టుకుంటాను.

మా కోడలి తల్లి నన్ను సాయం అడిగినది అందుకే.

ఆవిడ తెల్లజాతి అమెరికన్. అరోరాలోని మా ఇంటికి గంట దూరంలో, మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటారు. పిల్లల పెళ్లైన కొత్తలో నా భార్య ఆవిడకు మన వరసలు నేర్పింది. అప్పటి నుంచి నన్ను 'అన్నయ్యగారూ' అనే పిలుస్తారు. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

వారి ఇంట్లో ఒక కథ ఉంది. ఈ దేశానికి తెల్లవాళ్లు వలస వచ్చిన తొలి రోజుల్లో, సముద్రం దాటిన ఒకానొక ఓడలో ఆవిడ మూలపురుషుడు వచ్చాడనీ, వృత్తి వడ్రంగమనీ. ఆ ఓడలో వచ్చినవారి సంతతికి ఒక సంఘం ఉంది. ప్రతి తరానికీ పత్రం చూపగలిగినవారికి సభ్యత్వం ఇస్తారు. ఏటా ఆకులు రాలే కాలంలో తూర్పు తీరాన సమావేశమై, కొత్త సభ్యులను పేరుపేరునా పిలిచి వేదిక మీద నిలబెడతారు. ఆ వేదిక మీద మా మనవరాలిని పక్కన నిలబెట్టుకోవాలని ఆవిడ కోరిక. నాలుగో తరగతి చదువుతున్న ఆ పిల్లను బడిలో ఎవరో 'నువ్వు అసలు ఎక్కడిదానివి?' అని అడిగారట. ఆనాటి నుంచి అమ్మమ్మకు ఇదే పట్టుదల.

"దానికి జవాబు నా దగ్గరుంది అన్నయ్యగారూ. అడిగినవాడి తాతలకంటే ముందొచ్చాం మేము. మీరు కాగితాలు చూసిపెట్టండి చాలు," అన్నారు.

చలికాలమంతా ఆ పని మీదే కూర్చున్నాను. కౌంటీ కోర్టుల నుంచి వీలునామాల నకళ్లు, చర్చిల నుంచి బాప్తిజం నమోదుల నకళ్లు తెప్పించాను. తీరంలో దిగిన వడ్రంగి మొదలు ఇల్లినాయిలో పొలం కొన్న రైతు దాకా ఎక్కడా సందేహం లేదు. ఆ రైతు కొడుకు దగ్గర మాత్రం లింకు బిగియలేదు. అతడే మా వియ్యపురాలి ముత్తాత. అతని పుట్టుక ఏ చర్చిలోనూ నమోదు కాలేదు.

వరసకు ఆవిడకు అక్క అయ్యే ఒక ముసలావిడ వృద్ధాశ్రమంలో ఉన్నారు. ఆవిడకు ఫోను చేశాను. తొంభై దాటినా గొంతు ఖంగుమంటోంది.

"పుట్టుకా? ఇంకేం పుట్టుక నాయనా! ఆయన్ని రైల్లోంచి దింపి తెచ్చుకున్నారుగా," అని నవ్వారు.

ఆ రోజుల్లో తూర్పు నగరాల్లోని అనాథ పిల్లలను రైళ్లలో పడమటి పల్లెలకు పంపేవారు. రైతులు స్టేషనుకు వెళ్లి తమకు నచ్చిన పిల్లవాణ్ణి ఎంచుకునేవారు. సంతానం లేని ఆ రైతు దంపతులు అలా ఒకణ్ణి ఎంచుకుని, తరువాత కోర్టు ద్వారా దత్తత చేసుకున్నారు. "పెద్దవాళ్లందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు. మా చెల్లికి తెలుసో లేదో మరి," అన్నారు ముసలావిడ. ఆ చివరి మాట నా కాగితాల్లో ఉంది. నా చేత్తోనే రాసుకున్నాను.

నాకు విచారం కలగలేదు, సంతోషం కలిగింది. నేనూ దత్తుణ్ణే. మా పెద్దమ్మకు పిల్లలు లేకపోతే నన్ను ఇచ్చారు. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది. కన్నతల్లిని పిన్ని అనీ, కన్నతండ్రిని బాబాయి అనీ పిలవడం నేర్చుకున్నాను. ఇందులో ఎవరూ దాచినది లేదు. నా పెళ్లి శుభలేఖలో పడినది దత్తత తండ్రి పేరే. ఏటా తద్దినం పెట్టేదీ ఆయనకే. దత్తు వెళ్లినవాడు ఆ ఇంటి కొడుకు. ఆ పైన అడగవలసిన ప్రశ్న ఉందని నేను పెరిగిన ఇంట్లో ఎవరికీ తోచలేదు.

కాబట్టి లింకు బిగిసిందనుకున్నాను. కోర్టు ఉత్తర్వు నకలు తెప్పించాను. దరఖాస్తుతో జతచేసే వివరణలో, ఇతడు చట్టప్రకారం దత్తత తీసుకున్న కుమారుడనీ, అందువల్ల వంశక్రమం అవిచ్ఛిన్నమనీ స్పష్టంగా రాశాను. వియ్యపురాలు ఆ కట్ట విప్పి చూడలేదు. "మీరు చూశాక నేను చూసేదేముంది?" అంటూ సంతకం పెట్టారు. నేను చదివి వినిపించనూ లేదు.

జవాబు ఆవిడ ఇంటికి వచ్చింది. సంఘం రక్తసంబంధాన్ని మాత్రమే గుర్తిస్తుందనీ, దత్తత ద్వారా వచ్చిన సంతతికి అర్హత లేదనీ రాశారు. తన ముత్తాత ఆ ఇంట్లో పుట్టినవాడు కాడని, ముఖపరిచయం లేనివాళ్లు మర్యాదగా రాసిన నాలుగు వాక్యాల్లో ఆవిడ తెలుసుకున్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా అబ్బాయి లేచిన గొంతుతో అడిగాడు. వాడు ఇక్కడే పుట్టి పెరిగినవాడు.

"నాన్నా, ఏం రాశారు మీరు అందులో? ఆమె మార్నింగ్ నుంచి క్రై చేస్తుంది."

"ఉన్నది రాశాను. అబద్ధం రాయమంటావా?"

"అబద్ధం కాదు. ఆమెకి ఫస్ట్ చెప్పాలి కదా. ఒక్క కాల్ చేస్తే అయిపోయేది."

"దత్తత కొడుకు కొడుకు కాడని ఏ బుద్ధున్నవాడు అంటాడు? వాళ్ల రూలే అన్యాయం. నేను వాళ్లకు రాస్తాను, ఊరుకోను."

నా భార్య పప్పు గిన్నె బల్లమీద పెట్టింది. "రాద్దురుగాని. ముందు ఇది చెప్పండి. ఆ రూలు మీరు చదవలేదా?"

"చదివే ఉంటాను."

"ఉంటారా! మందు సీసా మీద చీమ తలకాయంత అక్షరాలు చదివితే గానీ మాత్ర మింగని మనిషి మీరు. మీ కంటపడలేదంటే ఎవరు నమ్ముతారండీ?"

అబ్బాయి తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

చదివాను. రక్తసంబంధం అన్న మాట కంటపడింది. దాన్ని దాటి వెళ్లాను. మన ఆచారంలో దత్తతకు ఆ మాట అడ్డురాదు గనుక పట్టించుకోలేదని నాకు నేను చెప్పుకోవచ్చు, అది కొంతవరకు నిజం కూడా. అయితే ఆ చలికాలంలోనే మా మనవరాలు బడికోసం వంశవృక్షం గీసింది. అమ్మమ్మ వైపు తెరచాపలెత్తిన ఓడ, అలలు, దాని కింద కొమ్మలే కొమ్మలు. నా వైపు ఒక విమానం, నా పేరు, నా భార్య పేరు. "తాతా, మన సైడ్ బోరింగ్ ఉంది," అంది, క్రేయాన్లు సర్దుకుంటూ. నవ్వేశాను. రైలు దిగిన పిల్లవాడి సంగతి విన్న రోజున నాకు కలిగిన సంతోషంలో సాటి దత్తుడి మీది ఆత్మీయత ఎంతో, ఆ ఓడ మీది కచ్చ ఎంతో తేల్చుకోవాలని చాలాసార్లు కూర్చున్నాను. తేలలేదు. రెండోది అసలు లేదని మాత్రం రాయలేను.

అయినా సంఘానికి ఉత్తరం రాశాను. కన్నవారికీ పెంచినవారికీ మధ్య చట్టం చూడని తేడాను మీరెలా చూస్తారని నిలదీశాను. బాగా రాశాననే అనుకున్నాను. వియ్యపురాలి సంతకం కోసం వాళ్ల ఊరు వెళ్లాను.

ఆవిడ తలుపు తీసి నన్ను పేరు పెట్టి పిలిచారు. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం మొత్తం చదివారు, ఈసారి ప్రతి పేజీ.

"ఇది పంపను."

"వాళ్లు చేసింది అన్యాయం కదా?"

"వాళ్లకో రూలుంది, అది చెప్పారు. నాకు చెప్పాల్సింది వాళ్లు కాదు, మీరు."

క్షమించమన్నాను. అక్కడితో ఆగి ఉండవలసింది. "మా ఇళ్లలో అది దాచుకునే విషయం కాదు. నేనూ దత్తుణ్ణే," అన్నాను.

"తెలుసు, మీ ఆవిడ చెప్పింది. ఆ సంగతి మీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. చిన్నప్పుడు, ఒళ్లో కూర్చోబెట్టుకుని."

"నాకు పోస్టులో వచ్చింది."

ఉత్తరం మడిచి నా ముందు పెట్టి అడిగారు. "ఆ పిల్లవాణ్ణి రైలెక్కించింది ఎవరో కనుక్కోగలరా? తల్లెవరో, ఏ ఊరో?"

అప్పటికే వెతికాను. కోర్టు ఉత్తర్వులో దత్తతకు ముందరి పేరు లేదు. ఏ రైలో, ఏ నగరమో తెలియదు. మరో మార్గం నాకు తోచలేదు. అదే చెప్పాను.

"అంటే ఆ పైన నాకెవరూ లేరు."

"ఉన్నారు. పత్రం లేదు, అంతే."

"మీ దగ్గర ఆ రెండూ ఒకటే కదా," అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. లేచి కప్పులు కడగసాగారు. "ఆ సమావేశానికి కొన్న విమానం టికెట్లు నేను కాన్సిల్ చేసుకుంటాను. పిల్లకు మాత్రం మీరే చెప్పండి. నా వల్ల కాదు."

గుడిలో నాట్యం క్లాసు నుంచి మా మనవరాలిని ఇంటికి తీసుకువచ్చేది నేనే. ఆ వారం కారులో చెప్పాను. అమ్మమ్మతో తీరానికి వెళ్లడం లేదని, ఎందుకు వెళ్లడం లేదో, తెలిసే మాటల్లో.

"సో గ్రామా షిప్ నిజం కాదా?" వెనక సీట్లోంచి అడిగింది. అమ్మమ్మను అది పిలిచేది గ్రామా అనే.

"ఓడ నిజమే. అందులో వచ్చినాయన కూడా నిజమే. ఆయన వంశంవాళ్లు అమ్మమ్మ ముత్తాతను తెచ్చి పెంచుకున్నారు."

"పెంచుకుంటే వాళ్ల బాయ్ కదా?"

"నా లెక్కలో వాళ్ల అబ్బాయే."

"మరి కాదు అని ఎవరు అన్నారు?"

"ఆ సంఘంవాళ్లు."

"వాళ్లకి ఎలా తెలుసు? ఎవరు చెప్పారు?"

"నేనే రాశాను."

సిగ్నల్ దగ్గర ఆగాం. కాళ్లకున్న గజ్జెలు విప్పుకోలేదేమో, కదిలినప్పుడల్లా చప్పుడవుతోంది.

"గ్రామాకి సారీ చెప్పావా, తాతా?"

"చెప్పాను."

"ఓకే అందా?"

"అనలేదు."

గజ్జెల చప్పుడు ఆగింది. ఇంకేదో అడుగుతుందని అద్దంలో చూశాను. కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉంది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా పచ్చలైటు వచ్చిన సంగతి నాకు తెలియలేదు.