ముందు నడిచిన నారింజ కోటు

మా మేస్త్రి పోయిన సంగతి నాకంటే ముందు ఒక గుంపు గుంపుకే తెలిసింది. వాళ్ళంతా భద్రాచలం కరకట్ట మీద రోజూ పొద్దున్నే ఆయనతో కలిసి నడిచేవాళ్ళు. వాళ్ళ వాట్సాప్‌లో కబురు తెల్లవారుతూనే వచ్చింది. నేను సారపాక కాగితం మిల్లులో మొదటి షిఫ్టులో ఉన్నాను, ఫోను గేటు దగ్గర పెట్టి. మధ్యాహ్నం బయటికొచ్చి చూస్తే అప్పటికే ఆయన ఫొటోకి దండ పడింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను, నాకు ఏడుపుకంటే ముందు కుళ్ళు వచ్చింది.

వెదురు దించే మా కాంట్రాక్టు గ్యాంగుకి ఆయన మేస్త్రి. నేను బడి మధ్యలో మానేసినవాణ్ణి, చదవడం సొంతంగా కూడబలుక్కుని నేర్చుకున్నాను. అది తెలిసిన రోజు నుంచి టీ టైములో నాచేత పేపరు గట్టిగా చదివించేవాడు. తప్పు చదివితే గ్లాసు బల్లమీద టక్కున కొట్టేవాడు. నేను సూపర్‌వైజర్ మీద ఎగిరినప్పుడల్లా ఒకటే మాట: "కోపం చేతుల పెట్టుకో పోరగా, నోట్ల కాదు. లోడు జల్దీ దిగుతది."

రిటైరయ్యాక షుగర్ ఎక్కువైంది, డాక్టర్ నడవమన్నాడు. గోదావరి వంతెన దాటి భద్రాచలం వెళ్ళి ఆ గుంపులో చేరాడు. అందరూ పెన్షన్ ఉన్నవాళ్ళు, తెల్ల బూట్లవాళ్ళు. సెలవు దొరికిన ఆదివారం నేనూ వెళ్ళేవాణ్ణి. కానీ ఆయన పక్క చోటు అప్పటికే రిటైరైన ఒక బ్యాంకు సారుది. ఎప్పుడు చూసినా ఇద్దరూ నవ్వుకుంటూ ఉండేవాళ్ళు. ఆ నవ్వు నాకు పడేది కాదు.

మొన్న చలికాలంలో ఆ గుంపు ఒకరోజు ఖమ్మం వెళ్ళి అక్కడి పార్కులూ, మున్నేరు ఒడ్డూ నడవాలనుకుంది. మేస్త్రి నాకు ఫోను చేశాడు.

"మిల్లు కోటు ఏసుకొని రా."

"ఏంది మేస్త్రీ, షికారుకు నారింజ కోటా? నవ్వుతరు."

"నవ్వనీ. ఏసుకొని రా."

షిఫ్టు మార్చుకుని వెళ్ళాను. మొదటి పార్కులోనే ఒకావిడ నన్ను చెత్త ఎత్తే మున్సిపాలిటీ మనిషిననుకుని ఖాళీ ఐస్‌క్రీం కప్పు నా చేతిలో పెట్టి, "చెత్తల ఏసెయ్ తమ్మీ" అనేసి పోయింది. గుంపంతా ఘొల్లుమంది. "డ్యూటీ మంచిగ చేస్తున్నవ్!" అన్నాడు బ్యాంకు సారు. నా ఒళ్ళు మండిపోయింది.

లకారం చెరువు కట్ట మీదికి రాగానే మేస్త్రి నన్ను ముందుకు పంపాడు. "నువ్వు ముంగట నడువ్. ఉరకకు. ఎనక్కి చూడకు." చెప్పినట్టే నడిచాను. వెనక ఆయన రబ్బరు చెప్పుల చప్పుడు, ఆ పక్కన బ్యాంకు సారు గొంతు. చెట్లకు కట్టిన బోర్డుల మీది పేర్లన్నీ సారు చదివి చెబుతుంటే, ఈయన ఊఁ కొడుతున్నాడు. ఇన్నేళ్ళూ ఆయనకు పేపరు చదివింది నేను. ఇప్పుడు చెట్ల పేర్లు చదవడానికి బ్యాంకు సారు కావలసి వచ్చాడా?

మున్నేరు ఒడ్డున పులిహోర తింటుండగా అడిగేశాను. "నీ పక్కన నడిచేటందుకు నేను పనికిరానా మేస్త్రీ?"

నీళ్ళవైపే చూస్తూ అన్నాడు. "పక్కన నడిచేటోళ్ళు మస్తుమంది దొరుకుతర్రా."

అంటే నాతో పనిలేదనేగా అనుకున్నాను. బస్సులో ఆఖరి సీట్లో కూర్చుని వచ్చాను. రెండు నెలలు ఆయన ఇంటివైపు పోలేదు. ఆయన ఫోను చేసినా ఎత్తలేదు. ఆ తర్వాత వచ్చింది ఈ కబురే.

చర్చి నుంచి సమాధుల తోటకు పెట్టె మోసేటప్పుడు కూడా ముందు వరస ఆ నడక గుంపువాళ్ళే పట్టుకున్నారు. మట్టి వేశాక మేస్త్రి భార్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కోటు భద్రంగ పెట్టుకో కొడుకా. ఆయనకు ఏడాది సంది కండ్లు సరిగ ఆనలే. చెప్తే నడకకు రానియ్యరని ఎవ్వరికీ చెప్పనియ్యలే. కరకట్ట అంటే అలవాటైన తొవ్వ, ఖమ్మం కొత్తదాయె. పోరడి కోటొక్కటే కనపడ్డదే, దాన్నే పట్టుకొని నడిచిన అన్నడు. ఎవ్వరి చెయ్యి పట్టలే అని మురిసిండు."

పక్కనే నిలబడ్డ బ్యాంకు సారు విన్నాడు. "నాకు చెప్పలే," అన్నాడు మెల్లగా. "రోజూ పక్కనే ఉన్న. నాక్కూడ చెప్పలే." ఆ మొహంలో ఉన్నదేమిటో నాకు బాగా తెలుసు. రెండేళ్ళు నేను మోసిందే అది. అయినా నా కుళ్ళు పూర్తిగా పోలేదు. ఆయన చివరి ముచ్చట్లన్నీ ఆ సారు దగ్గరే ఉన్నాయి, నాకు దక్కలేదు. నేనే ఫోను ఎత్తలేదు.

మొన్న ఆదివారం కరకట్టకు వెళ్ళాను. బ్యాంకు సారు కాస్త జరిగి, "రా తమ్ముడూ, పక్కన నడువ్," అన్నాడు. తల ఊపి, కోటు గుండీలు పెట్టుకుని ముందుకు వెళ్ళాను. ఎడమవైపు గోదావరి. వెనక తెల్ల బూట్ల చప్పుడు. వంపు దగ్గర ఒక్కసారి తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. వెనక రబ్బరు చెప్పులు ఉంటే ఎంత మెల్లగా నడిచేవాణ్ణో, అంతే మెల్లగా నడిచాను.